ఫుట్‌నోటు కింద ఫుట్‌నోటు

ఫుట్‌నోట్లున్న పుస్తకం చదివేవాళ్ళు రెండు రకాలు. నక్షత్రం గుర్తు కనపడగానే టక్కున పేజీ అడుక్కి దిగిపోయేవాళ్ళు ఒక రకం, "ఆఁ, తర్వాత చూద్దాంలే" అని ముందుకెళ్ళిపోయేవాళ్ళు ఇంకో రకం. నేను మొదటి రకం. కొన్ని పుస్తకాల్లో పైన జరిగే కథకన్నా అడుగున జరిగే కథే నాకు ఎక్కువ నచ్చుతుంది కూడానూ. ఐతే ఆ అడుగున ఉన్న నోటులోనే మళ్ళీ ఇంకో నక్షత్రం కనపడితే? దాన్ని పట్టుకుని ఎక్కడికి పోవాలి? చదివేవాడికి ఇదొక చిన్న చిరాకు. పేజీ పేర్చేవాడికి మాత్రం వందల ఏళ్ళ తలనొప్పి. కంప్యూటర్లొచ్చాక ఆ తలనొప్పి పోవాల్సింది. పోలేదు సరికదా, దానికో కొత్త గుణం పట్టుకుంది - చప్పుడు కాకుండా నోటుని మింగేయడం.

మింగేయడం అంటే ఏమిటో చెప్తాను. మొన్నామధ్య స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాడు, థీసిస్ లేటెక్‌లో రాసుకుంటున్నాడు. ఒక పాత ఉత్తరం గురించి ఫుట్‌నోటు పెట్టి, దాని తారీఖు కేటలాగులో తప్పు పడిందని చెప్పి, తప్పని తనకెలా తెలిసిందో చెప్పడానికి ఆ నోటుకి ఇంకో నోటు పెట్టాడు. పీడీఎఫ్‌లో చూస్తే 46వ నోటు ఉంది. దాని చివర చక్కగా 47 అని చిన్న అంకె ఉంది. దాని కింద 48వ నోటు ఉంది. 47 లేదు! ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. "కేటలాగు తప్పు అన్న ముక్క మిగిలింది, ఎందుకు తప్పో చెప్పే ముక్క ఎగిరిపోయింది. గైడు చూస్తే నేను గాల్లో మాట్లాడుతున్నాననుకుంటాడ్రా" అని వాడి గోల. న్యాయమైన గోలే. కథల పుస్తకంలో నోటు పోతే ఓ చమత్కారం పోతుంది. చరిత్ర పుస్తకంలో నోటు పోతే సాక్ష్యం పోతుంది.

ఇది టెక్‌లో బగ్గు అనుకుంటే పొరపాటు. తప్పు కనిపెట్టినవాళ్ళకి 327 డాలర్ల 68 సెంట్లు ఇస్తానని క్నూత్ పెట్టిన బహుమానం దీనికి రాదు :). ఎందుకు రాదో తెలియాలంటే కంప్యూటర్ల కన్నా చాలా ముందుకి, సీసపు అక్షరాల కాలానికి వెళ్ళాలి.

పియేర్ బేల్ అని ఒక ఫ్రెంచి ఆయన ఉండేవాడు, 1647లో పుట్టాడు. ప్రొటెస్టెంటు కావడంవల్ల ఫ్రాన్సులో ఉండనివ్వక, 1681లో హాలండులోని రోటర్‌డామ్ చేరాడు. అక్కడ పాఠాలు చెప్పుకునే ఉద్యోగం కూడా 1693లో ఊడింది. అప్పటికి లూయీ మొరేరీ అనే ఆయన 1674లో వేసిన చారిత్రక నిఘంటువు ఐరోపాలో బాగా చెలామణిలో ఉంది. అందులో తప్పులు కుప్పలు. బేల్ మొదట అనుకున్నది "తప్పుల నిఘంటువు" ఒకటి వెయ్యాలని. అంటే మిగతా పుస్తకాల్లోని తప్పులన్నీ ఏరి ఒకచోట పెట్టడం. (ఇవాళైతే ఈయన పక్కా టెస్టింగ్ టీములో ఉండేవాడు.) చివరికి అది "చారిత్రక, విమర్శనాత్మక నిఘంటువు"గా 1697 తేదీతో రెండు పెద్ద సంపుటాలుగా వచ్చింది. అచ్చేసింది రెనియే లేర్స్ అనే రోటర్‌డామ్ ప్రకాశకుడు.

ఆ పుస్తకంలో ఒక పేజీ చూస్తే మతి పోతుంది. పైన పెద్ద అక్షరాల్లో అసలు వ్యాసం, కొన్ని పేజీల్లో రెండు మూడు లైన్లే. దాని కింద రెండు వరసల్లో చిన్నక్షరాల్లో బేల్ "రిమార్కులు", పేజీ నిండా. రిమార్కుకి గుర్తు పెద్దబడి రోమన్ అక్షరం. ఇక పక్క మార్జిన్లలో ఇంకా చిన్నక్షరాల్లో ఆధారాలు. వ్యాసానికి ఆధారాలు చిన్నబడి అక్షరాలతో, రిమార్కులకి ఆధారాలు అంకెలతో. అంటే నోటుకి నోటు! మూడు ప్రవాహాలు, మూడు రకాల గుర్తులు, ఒక్క పేజీ. బేల్‌కి ఇది సరదా కాదు. వ్యాసంలో అందరూ ఒప్పుకునే మాట రాసేవాడు, రిమార్కులో దాన్ని నిలదీసేవాడు, ఆ నిలదీతకి ఆధారం మార్జిన్‌లో చూపించేవాడు. బైబిల్లోని దావీదు రాజు మీద రాసిన వ్యాసం రోటర్‌డామ్‌లోని ఆయన సొంత చర్చి పెద్దలకే మింగుడుపడలేదు, పిలిచి సంజాయిషీ అడిగారు. 1702లో వచ్చిన రెండో ముద్రణలో దాన్ని మార్చాల్సి వచ్చింది. ఆ కాలంలో అలాంటి మనిషికి మార్జిన్‌లోని మూడో అంతస్తు నోటు రాలిపోతే ఏమౌతుందో ఊహించుకోండి. "నేనన్నది కాదు బాబూ, ఫలానా గ్రంథంలో ఉంది" అని చూపించడానికి ఉన్న ఒక్క కాగితం పోయినట్టే.

బేల్ పేజీలో ఇంజనీరింగు తెలివి ఎక్కడుందంటే, నోటుకి నోటుని అడుగున పెట్టకపోవడం. అడుగున ఇప్పటికే ఒక ప్రవాహం ఉంది. దాని కింద ఇంకోటి పెడితే రెండూ ఒకే నిలువు జాగా కోసం కొట్టుకుంటాయి. పక్కకి తీసుకెళ్తే ఆ తగువు చాలావరకు తీరిపోతుంది, నోటు తన గుర్తుకి పక్కనే, దాదాపు అదే ఎత్తులో కూర్చుంటుంది. ఇలాంటి పక్కచూపు ఆయన కనిపెట్టిందేం కాదు. దానియెల్ బాంబెర్గ్ 1520-23లో వెనిస్‌లో అచ్చేసిన తాల్మూద్‌లో నడిమధ్య మూలం, లోపలి వైపు రాషి వ్యాఖ్య, బయటి వైపు "తోసఫోత్" ఉంటాయి. ఈ తోసఫోత్ రాసింది రాషి మనవలూ, వాళ్ళ తర్వాతి తరాల పండితులూ. చాలాచోట్ల తాతగారి వ్యాఖ్యతోనే పేచీ పెట్టుకుంటారు. ఒకే పేజీ మీద మూలం, దానికి నోటు, నోటు మీద తగువు.. అన్నీ ఒకదానికొకటి ఎదురుగా.

తర్వాత తర్వాత పుస్తకాలు చిన్నవయ్యాయి, మార్జిన్‌లో అంత జాగా లేకుండా పోయింది, నోట్లన్నీ అడుక్కి చేరాయి. కొందరు పుస్తకం చివరికే తోసేశారు. గిబ్బన్ రోమన్ సామ్రాజ్య పతనం మొదటి సంపుటి 1776లో వచ్చినప్పుడు నోట్లు పుస్తకం చివరే ఉండేవి. డేవిడ్ హ్యూమ్ అది చదివి ముద్రాపకుడు స్ట్రహన్‌కి ఉత్తరం రాశాడు - మాటిమాటికీ వెనక్కి తిప్పి చూడాల్సి వస్తోంది, పేజీలోనే పెట్టించవయ్యా అని. అప్పటికి హ్యూమ్ ఆరోగ్యం పూర్తిగా చెడిపోయింది, ఆ ఏడే పోయాడు కూడా. ఆ స్థితిలో కూడా ఫుట్‌నోట్ల గురించి ఉత్తరం రాసిన మనిషంటే నాకు చెప్పలేనంత గౌరవం. ఆయన మాట నెగ్గింది, 1777 ముద్రణకి నోట్లు అడుక్కొచ్చాయి.

అడుక్కి తేవడం రాసేవాడికీ చదివేవాడికీ సుఖం. పని పడేది కంపోజిటర్ మీద. సీసపు అక్షరాలతో పేర్చే రోజుల్లో నోట్లని విడిగా చిన్న సైజు టైపులో పేర్చుకుని, పేజీ కట్టేటప్పుడు ఏ నోటు ఏ పేజీలో పడుతుందో చూసుకుంటూ అడుగున చేర్చేవాళ్ళు. కుదరకపోతే లైన్ల మధ్య సన్నటి సీసపు పట్టీలు తీసో వేసో సర్దేవాళ్ళు. ఇంకా కుదరకపోతే ప్రూఫు మీద "ఒక లైను తగ్గించగలరా" అని రచయితనే అడిగేవాళ్ళు. షికాగో యూనివర్సిటీ ప్రెస్సు వాళ్ళు 1910లో తమ నియమాల పుస్తకంలో ఈ కష్టాన్ని తేల్చి చెప్పారు: పేజీ కట్టాక ఏ నోటు ఎక్కడ పడుతుందో ముందు తెలియదు గనక పేజీపేజీకీ 1 నుంచి నంబర్లు వెయ్యడం ఆచరణలో అయ్యే పని కాదు, అధ్యాయం మొత్తానికి వరసగా వేసెయ్యండి అని. ముందు తెలియదు అన్న మాట గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది.

ఇప్పుడు క్నూత్ దగ్గరికొద్దాం. (స్పెల్లింగు ఎలా ఉన్నా ఆయన పలకమనేది "కనూత్" అని.) ప్రోగ్రామింగ్ కళ మీద ఆయన రాస్తున్న గ్రంథం మొదటి మూడు సంపుటాలు 1968, 1969, 1973లలో సీసపు టైపుతోనే అచ్చయ్యాయి. రెండో సంపుటి రెండో ముద్రణకి వచ్చేసరికి సీసపు పద్ధతి ఖరీదైపోయి ప్రకాశకులు ఫోటో పద్ధతికి మారారు. 1977 మార్చి 30న ఆయనకి ప్రూఫులు అందాయి. ఆ అక్షరాలు చూసి మనిషికి కడుపు తరుక్కుపోయింది. మే నెలకల్లా సొంత అచ్చు వ్యవస్థకి నక్షా రాసి పెట్టుకున్నాడు. ఒక ఏడాది పని అనుకున్నది 1986లో అయిదు సంపుటాల గ్రంథంగా తేలింది. ప్రాజెక్టు ఎస్టిమేట్ల గురించి మన మేనేజర్లు నన్నేమన్నా అంటే నేను క్నూత్‌ని తలుచుకుంటాను. పది రెట్లు తప్పినా పరవాలేదు, ఫలితం టెక్ అయితే చాలు :)

టెక్ కన్నా ముందు కంప్యూటర్లో ఫుట్‌నోట్లు లేవని కాదు. బెల్ ల్యాబ్స్‌లో జో ఒసన్నా రాసిన ట్రాఫ్‌లో నోటుని పక్కన దాచుకుని, పేజీ అడుగు దగ్గరపడగానే బయటికి తీసే ఏర్పాటుంది. ఆయన మాన్యువల్లో ఫుట్‌నోట్ల మాక్రోనే ఒక ఉదాహరణగా ఇచ్చాడు. క్నూత్ దీన్ని ఇంకా సాధారణం చేశాడు. 1978 టెక్‌లో పేజీ పైకి తొయ్యడానికొకటి, కిందికి తొయ్యడానికొకటి రెండే ఏర్పాట్లుండేవి. 1982 టెక్‌కి వచ్చేసరికి 255 తరగతుల "ఇన్సర్షన్లు" తయారయ్యాయి. ఫుట్‌నోటు అందులో ఒక తరగతి అంతే.

ఇది పని చేసే తీరు తపాలా కవరుతో పోలిస్తే సులువుగా అర్థమౌతుంది. మీరు పేరాలో ఫుట్‌నోటు రాస్తే టెక్ ఆ నోటుని చిన్నక్షరాల్లో లైన్లుగా పేర్చి ఒక కవర్లో పెడుతుంది. పేరాని లైన్లుగా విరిచాక, ఆ నోటు గుర్తు ఏ లైన్లో పడిందో ఆ లైను వెనకే కవరు అంటించి పేజీ వరసలోకి పంపుతుంది. పేజీ కట్టే భాగం పైనుంచి ఒక్కో లైనూ తీసుకుంటూ, ఎక్కడైనా కవరు కనపడితే దాని మందం కూడా లెక్కలో కలుపుకుంటుంది. పేజీ నిండాక మంచి చోటు చూసి కోసి, కవర్లు విప్పి అడుగున పేరుస్తుంది. మొత్తం పట్టకపోతే నోటుని రెండుగా చీల్చి మిగిలింది తర్వాతి పేజీకి పంపుతుంది. ఎంత శుభ్రమైన ఆలోచన! ఐతే పేజీ కట్టే భాగం చూసేది ప్రధాన వరసలో ఉన్న కవర్లని మాత్రమే. కవరు లోపల ఇంకో కవరుంటే దాని మీద చిరునామా ఎవరూ చదవరు. పై కవరు విప్పినప్పుడు అది కూడా పేజీలోకి వచ్చి పడుతుంది, కానీ అచ్చు వేసే దశలో దానికి రూపం లేదు, బరువు లేదు, ఎత్తు లేదు. గుర్తు మాత్రం మామూలు అక్షరమే కాబట్టి అచ్చవుతుంది. అదీ మావాడి 47వ నోటు కథ.

క్నూత్ ఇది దాచలేదు. 1984లో వచ్చిన ఆయన టెక్ పుస్తకం 15వ అధ్యాయంలో పేజీలు కట్టడం, ఇన్సర్షన్లు వివరించాడు. పెట్టెల్లో మరీ లోతుకి పోయిన ఇన్సర్షను బయటికి వలస రాలేదు, అది ఆ వ్యవస్థ నియమం. ఆ అధ్యాయం చివర్న రెండు ఉల్లేఖనలు పెట్టాడు. ఒకటి పైన చెప్పిన 1910 షికాగో వాళ్ళది. రెండోది వాళ్ళావిడ జిల్ 1962లో, అంటే ఆయన అసలు గ్రంథం మొదలుపెట్టిన ఏడాది, ఇచ్చిన సలహా - నీ పుస్తకాల్లో ఫుట్‌నోట్లు పెట్టకు అని. అంత కష్టపడి ఏర్పాటంతా చేసి చివర్లో ఇలా ముగించడంలో ఆయన హాస్యం నాకు భలే ఇష్టం.

సరే, లోపలి కవరు కూడా విప్పేస్తే పోలా అంటారా? నేనూ అదే అనుకున్నాను. కాయితం మీద లెక్కేస్తే తెలిసింది. పేజీకి 40 లైన్లు పడతాయనుకోండి (గీతలూ ఖాళీలూ వదిలెయ్యండి). పైన 36 లైన్ల వ్యాసం పట్టింది. 36వ లైన్లో ఒక నోటు గుర్తు. ఆ నోటు 5 లైన్లు. అందులో 4వ లైన్లో లోపలి నోటు గుర్తు. గుర్తు ఉన్న పేజీలో దాని నోటు కనీసం మొదలవ్వాలి, అది మన నియమం. అడుగున 4 లైన్ల జాగా ఉంది కదా, నోటు 4 లైన్లూ పెట్టేద్దాం. వెంటనే లోపలి గుర్తు ఈ పేజీలోకొచ్చింది, కాబట్టి లోపలి నోటుకి ఒక లైను కావాలి. జాగా లేదు. సరే, నోటుని 3 లైన్లకే కోద్దాం. ఇప్పుడు గుర్తు తర్వాతి పేజీకి పోయింది, కాబట్టి లోపలి నోటుకి ఇక్కడ జాగా అక్కర్లేదు. ఒక లైను ఖాళీ ఉంది. ఖాళీ ఉంది కదా అని 4వ లైను తెచ్చి పెడితే గుర్తు మళ్ళీ వచ్చేసింది! మళ్ళీ మొదటికి. గుర్తు ఎక్కడుందో జాగాని బట్టి, జాగా ఎంతో గుర్తుని బట్టి. 1910లో షికాగో వాళ్ళన్న "ముందు తెలియదు" అనే మాట ఇక్కడ ఇన్ఫినిట్ లూప్ అయి కూర్చుంది.

కంపోజిటర్ దీనికి ఏం చేసేవాడు? ఒక లైను ఖాళీ వదిలేసి టీ తాగడానికి పోయేవాడు. నియమాన్ని ఎక్కడ సడలించాలో మనిషికి తెలుసు. టెక్ అలా చెయ్యలేదు, పైగా పేజీల విషయంలో వెనక్కి తిరిగి చూడదు కూడా. పేరాని లైన్లుగా విరిచేటప్పుడు మొత్తం పేరా చూసి నిర్ణయిస్తుంది గానీ పేజీల్ని మాత్రం ఒక్కొక్కటిగా తేల్చేస్తూ పోతుంది, పుస్తకమంతా దాచుకునే మెమరీ ఆ రోజుల యంత్రాల్లో లేదు. మెమరీ ఉన్నా పని సులువేం కాదు. 1977 వేసవిలో టెక్ మొదటి రూపానికి సాయం చేసిన విద్యార్థి మైకేల్ ప్లాస్ 1981లో స్టాన్‌ఫర్డ్‌లో ఈ పేజీ విభజన మీదే పీహెచ్‌డీ చేశాడు. పాఠంతోపాటు బొమ్మల్లాంటివి వాటి ప్రస్తావన దగ్గర్లో పెట్టాలంటే, మంచి విభజన అంటే ఏమిటో మనం నిర్వచించే తీరుని బట్టి అది ఎన్‌పీ-కంప్లీట్ సమస్య అయిపోవచ్చని చూపించాడు. కాలేజీలో అల్గారిథమ్స్ పేపర్లో చదువుకున్న ఆ భూతమే, ఫుట్‌నోట్ల సందులోంచి వచ్చింది.

లేటెక్ వాడేవాళ్ళలో చేతులు మారుతూ వచ్చిన నాటు వైద్యం ఒకటుంది. లోపలి నోటు దగ్గర గుర్తు మాత్రమే పెట్టి, పై నోటు అయిపోయాక, ప్రధాన పాఠంలో లోపలి నోటు పాఠం విడిగా ఇవ్వడం. లేటెక్‌లో గుర్తుకొక ఆజ్ఞ, పాఠానికొక ఆజ్ఞ విడివిడిగా ఉన్నాయి, లెస్లీ లాంపోర్ట్ పుణ్యాన. అప్పుడు రెండు కవర్లూ ప్రధాన వరసలోకే వస్తాయి, రెండూ విప్పబడతాయి. ఒక నోటులో రెండు లోపలి నోట్లుంటే అంకెల్ని చేత్తో వెనక్కి ముందుకి జరపాలి, అదొక తద్దినం. మావాడికి ఇదే చెప్పాను, 47వ నోటు తిరిగొచ్చింది. ఐతే ఇంకో చిక్కు. పైన వ్యాసం మాత్రమే చదివేవాడికి 46 తర్వాత 48 కనిపిస్తుంది, మధ్యలోది ఏమైందని వెతుక్కుంటాడు. పోనీ లోపలి నోట్లకి వేరే గుర్తులిచ్చి, వేరే తరగతిలో, అన్నిటికన్నా అడుగున విడిగా పెడదామా? అప్పుడు అసలు గొడవ. పై నోటు రెండు పేజీలకి చీలి, లోపలి గుర్తు రెండో పేజీకి పోయిందనుకోండి. లోపలి నోటు కవరు మాత్రం వ్యాసంలోని లైనుకే అంటుకుని ఉంది కాబట్టి మొదటి పేజీలోనే అచ్చయిపోతుంది. గుర్తు కన్నా ముందు జవాబు! మాయమవడం కన్నా ఇది నయమా అంటే.. నయమే. కనీసం సాక్ష్యం పుస్తకంలో ఉంది.

ఈ పీటముడిని గట్టిగా పట్టుకున్నవాళ్ళు కంప్యూటర్ వాళ్ళకన్నా ప్రాచీన గ్రంథాల వాళ్ళే. రాతప్రతులు పోల్చి పాఠాంతరాలతో శుద్ధప్రతి తయారుచేసేవాళ్ళకి అడుగున రెండు మూడు అరల నోట్లు లేనిదే పూట గడవదు. జాన్ లావన్యీనో, డొమినిక్ ఉయాస్తిక్ అని ఇద్దరు కలిసి ఎడ్‌మాక్ అనే టెక్ మాక్రోలు రాసి, 1990లో టెక్ వాడకందారుల పత్రిక టగ్‌బోట్‌లో పరిచయం చేశారు. లావన్యీనో షేక్స్‌పియర్ కాలపు నాటకకర్త మిడిల్టన్ మీద పని చేసినాయన. ఉయాస్తిక్ సంస్కృత పండితుడు, ఆయుర్వేద చరిత్ర ఆయన రంగం. అందులో అయిదు అరల నోట్లు పెట్టుకోవచ్చు. ముఖ్యమైన సంగతి, అందులో నోటుకి గుర్తు నక్షత్రమో అంకో కాదు. లైను నంబరు వేసి, ఏ మాట గురించి చెప్తున్నారో ఆ మాటనే నోటు మొదట్లో మళ్ళీ రాస్తారు.

ఇది చదవగానే నాకు మన వ్యాఖ్యాతలు గుర్తొచ్చారు. మెదక్ దగ్గరి కొలిచెలమ వాడు మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్య రాస్తే, శ్లోకంలోని మాట ఎత్తుకుని దాని కింద వివరణ ఇస్తాడు. అలా ఎత్తుకున్న మాటని "ప్రతీకం" అంటారు. తాటాకులో అడుగు అనేదే సరిగ్గా లేదు, నాలుగైదు వేళ్ళ వెడల్పులో ఫుట్‌నోటు ఎక్కడ పెడతాం? ఉత్తరాదిన కాగితపు ప్రతుల్లో మూలం మధ్యలో పెట్టి పైనా కిందా వ్యాఖ్య రాసే "త్రిపాఠ" పద్ధతి ఉండేది గానీ, ఎక్కువగా వ్యాఖ్య వేరే పుస్తకమే. మాటతో కట్టేశారు కాబట్టి చోటుతో పని లేదు. అందువల్ల ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు. పాణిని సూత్రం, దాని మీద కాత్యాయనుడి వార్తికం, దాని మీద పతంజలి మహాభాష్యం, దాని మీద కైయటుడి ప్రదీపం, దాని మీద నాగేశభట్టు ఉద్ద్యోతం. అయిదు అంతస్తులు, ఒక్క నోటూ రాలిపోలేదు! నాగేశుడు బేల్ తర్వాతి తరం వాడే, కాశీలో ఉండేవాడు. ప్రోగ్రామర్ భాషలో చెప్పాలంటే మనవాళ్ళు అడ్రసుతో కాకుండా పేరుతో పిలిచారు. డేటా ఎటు జరిగినా లింకు తెగదు.

ఐతే ఏమాటకామాటే చెప్పుకోవాలి, పేరుతో పిలవడం వల్ల తీరేది నోటు తప్పిపోయే సమస్య మాత్రమే. జాగా సమస్య అలాగే ఉంటుంది. బొంబాయి నిర్ణయసాగర్ ప్రెస్సు వాళ్ళు మహాభాష్యాన్ని ప్రదీపం, ఉద్ద్యోతంతో సహా అచ్చేసినప్పుడు, మూడింటినీ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి నడిపించాల్సిన భారం మళ్ళీ కంపోజిటర్ మీదే పడింది. ఆ పేర్లు తెలియని మనుషులు మూడు ప్రవాహాలనీ దేవనాగరి సీసపు అక్షరాలతో చేత్తో సర్దారు. ఎడ్‌మాక్‌లో కూడా లైను నంబర్లు కుదరాలంటే ఫైలుని మళ్ళీ మళ్ళీ నడపాలి.

ఆ జాగా తగువులోకి నేరుగా దిగినవాడు డేవిడ్ కాస్ట్రప్. 2000ల్లో ఆయన రాసిన బిగ్‌ఫుట్ అనే ప్యాకేజీ నోటులో నోటుని సక్రమంగా ఒప్పుకుంటుంది. లోపలి కవరు చిరునామా చదివి, అది ఏ నోటులోని ఏ లైనుకి వేళ్ళాడుతుందో గుర్తుపెట్టుకుని, నోటు పేజీ మధ్యలో చీలితే లోపలిది కూడా దానితోపాటు సరైన పేజీకి వెళ్ళేలా చూస్తుంది. దీనికోసం టెక్ పేజీ కట్టే పద్ధతిని దాదాపు మళ్ళీ రాసినంత పని చేశాడు. ఎడ్‌మాక్ లేటెక్‌లోకి వచ్చి, పేర్లు మారుతూ 2015 నుంచి రెలెడ్‌మాక్‌గా నడుస్తోంది.

మిగతావాళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఫుట్‌నోటు లోపల కర్సర్ పెడితే ఇంకో ఫుట్‌నోటు చేర్చే బొత్తాం పని చెయ్యదు. కోపం తెప్పిస్తుంది గానీ నిజాయితీ ఉంది. వికీపీడియాలో ఒక రెఫ్ ట్యాగు లోపల ఇంకోటి నేరుగా పెడితే ఎర్రక్షరాల్లో తప్పు చూపిస్తుంది. అక్కడ పేజీ అడుగు గొడవే లేదు, మొదటి ట్యాగుకి ముగింపు ఎక్కడో పోల్చుకోవడంలో వచ్చే ఇబ్బంది, దానికి వేరే దొడ్డిదారి ఉంది. డేవిడ్ ఫాస్టర్ వాలెస్ 1996 నవల ఇన్ఫినిట్ జెస్ట్‌లో 388 నోట్లు, వాటిలో కొన్నిటికి మళ్ళీ నోట్లు. ఆయన అవన్నీ పుస్తకం చివరికి తోసేశాడు, అక్కడ నోటే అసలు పాఠం కాబట్టి దాని నోటు మామూలు ఫుట్‌నోటులా బతికిపోయింది. హ్యూమ్ ఉండుంటే ఉత్తరం రాసేవాడు.

2023లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చిన టైప్స్ట్ అనే కొత్త వ్యవస్థ మాత్రం నోటులో నోటుని మామూలు విషయంగానే తీసుకుంది. అంకెలూ పేజీ నంబర్లూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి తిరుగుతుంటే స్థిరపడేదాకా పేజీలన్నీ మళ్ళీ మళ్ళీ కడుతుంది. 5 సార్లు కట్టినా కుదరకపోతే ఆగిపోయి, కుదరలేదని వార్నింగ్ ఇస్తుంది. మావాడు ఇప్పుడు థీసిస్ దాంట్లోకి మారుద్దామా అని అడుగుతున్నాడు. సబ్మిషన్ వచ్చే నెల, నోరు మూసుకుని లేటెక్‌లోనే ఉండమన్నాను. గుర్తులెన్నో నోట్లెన్నో లెక్కపెట్టి, తేడా వస్తే అరిచే పది లైన్ల స్క్రిప్టు ఒకటి రాసిచ్చాను. ఇప్పటికి ఇంకో రెండు దొరికాయి.